చెయ్యెత్తకూడని కొలువు

మా ఇంట్లో మాట కంటే ముందు చెయ్యి వస్తుంది. టాంజానియాలో ఒక పల్లె బడిలో ఏడాదిపాటు చదువు చెప్పడానికి నన్ను తీసుకున్నారని, జీతం ఉండదని, తిండీ గదీ మాత్రం వాళ్లే ఇస్తారని చెప్పడం ఇంకా పూర్తి కాలేదు, మా అమ్మ ఒళ్లో ఉన్న బీడీల చాట వచ్చి నా నెత్తి మీద పడింది. కత్తిరించిన తునికాకులు, తంబాకు పొడి, అన్నీ నా జుట్టులోకి. తంబాకు కళ్లలో పడి నీళ్లు కారుతుంటే, ఏడ్చి సాధించాలని చూస్తున్నాననుకుని వీపు మీద ఇంకా తగిలించింది.

"బీఎడ్ చదివిపిచ్చింది ఫుకట్‌గ పాఠాలు చెప్పనీకేనా? గా ఫుకట్ పనేదో కామారెడ్డిల చేస్తే ఎవలొద్దన్నరే నిన్ను?"

"ఈడ నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో ఎవలికి ఎర్క? అందాక నీ పక్కన కూసోని బీడీలు చుట్టాల్నా?" అన్నాను. దానికి విడిగా ఒకటి పడింది.

మా అమ్మ దెబ్బలకు ఒక పద్ధతి ఉంది. కొట్టిన చేతితోనే అన్నం పెడుతుంది. ఆ రోజు కూడా జుట్టు దులుపుకుని వచ్చేసరికి పళ్లెంలో పప్పు, మామిడికాయ తొక్కు, మామూలుగా నాకు వెయ్యని నెయ్యి. తిన్నాను. దాంతో ఆ సంగతి ఖతం. బాపు బతికున్నప్పుడూ అంతే. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ క్షమించమని చెప్పుకోగా నేను వినలేదు. తప్పు చేసినవాళ్లు దెబ్బలు తినాలి, కొట్టినవాళ్లు అన్నం పెట్టాలి, తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. ఎత్తితే మళ్లీ పడతాయి. నెయ్యి వేసిందంటే పొమ్మన్నట్టే అని నాకు అర్థమైంది.

ఎందుకు పోదామనుకున్నావని చాలామంది అడిగారు. నిజం చెప్పాలంటే సేవా గీవా ఏమీ లేదు. మా వాడకట్టులో ప్రతి ఇంటి నుంచి ఒకరు గల్ఫుకు పోయినవాళ్లే. అందరూ సంపాదించడానికే పోయారు, సగంమంది ఒళ్లు హూనం చేసుకుని వచ్చారు. వేరే దేశానికి మనిషి ఇంకో పని మీద కూడా పోవచ్చునని నాకు చూడాలనిపించింది. దాని కంటే పెద్ద కారణం ఏమీ లేదు. ఉందని ఇంటర్వ్యూలో చెప్పాను గానీ, ఇంటర్వ్యూల్లో అందరూ చెబుతారు.

నన్ను పంపే సంస్థవాళ్లు పెట్టిన షరతు ఒకటే. పిల్లల మీద చెయ్యెత్తకూడదు. బెత్తం పట్టుకోకూడదు, చెవి మెలిపెట్టకూడదు, బెదిరించడానికైనా చెయ్యి లేవకూడదు. ఆ మాట కాగితం మీద రాసిస్తే సరిపోదట. ఎల్లారెడ్డిలో వాళ్లకు నమ్మకమైన ఒక సారు ఉన్నారు. హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. బస్టాండు వెనక మూతపడ్డ రైస్‌మిల్లు షెడ్డులో, బడి మానేసిన పిల్లలను పోగేసి చదువు చెబుతారు. వానాకాలమంతా నేను ఆయన కళ్ల ముందు పాఠాలు చెప్పాలి. ఆఖరున ఆయన ఫోన్ చేసి, ఈ అమ్మాయి చెయ్యెత్తదు అని చెప్పాలి. చెబితే పోతాను. చెప్పకపోతే బీడీల చాట దగ్గరికే.

పొద్దున్నే కామారెడ్డిలో బస్సెక్కి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డిలో దిగేదాన్ని. పిల్లల్లో చాలామంది గాంధారి వైపు తండాలవాళ్లు. తల్లిదండ్రులు చెరుకు కొట్టడానికి పోతే వెంట పోయి, బడికి దూరమైనవాళ్లు. మొదటి రోజే ఒక పిల్ల తీసివేత తప్పు చేసింది. తప్పని చెప్పగానే పలక పక్కన పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని అరచెయ్యి చాపింది.

"ఎన్ని టీచర్?" అంది.

"ఏందే ఎన్ని?"

"దెబ్బలు."

ఏమీ లేవన్నాను. ఒక కన్ను తెరిచి చూసింది. నమ్మలేదు. ఆ చెయ్యి నాకు నచ్చలేదనుకుందేమో, దాన్ని దించి రెండో చెయ్యి చాపింది. నాకు నవ్వు రాలేదు. నా చిన్నప్పుడు నేనూ అలాగే చాపేదాన్ని, చలికాలమైతే ముందు చేతులు రుద్దుకుని మరీ.

ఆ వారంలోనే ఆ పిల్ల తల్లి చింతబరిగె ఒకటి తెచ్చి ఇచ్చింది. ఆకులు దూసి, కణుపులు చెక్కి, ఎంత శ్రద్ధగా తయారుచేసిందో. "కండ్లు ఇడిచిపెట్టి యాడన్న కొట్టుండ్రి టీచరమ్మా, నేనేమనను. మంచిగ సదువొస్తే సాలు" అంది. అదే మా దగ్గర బిడ్డను టీచరుకు అప్పజెప్పే పద్ధతి. పూలో పండో ఇచ్చినట్టు బరిగె ఇస్తారు. సారు ఆమెకు దండం పెట్టి దాన్ని తీసుకున్నారు. బోర్డు మీద అక్షరాలు చూపించడానికి వాడతామని చెప్పి మేకుకు తగిలించారు.

పాపం, ఆమెను అనడానికి నాకు నోరెక్కడిది? నాకు పిల్లలంటే ఇష్టమే, ఓపికే లేదు. పాఠం మధ్యలో ఒకడు కావాలని సన్నగా కూనిరాగం తీసేవాడు. ఆ రాగం చెవిలో పడగానే అరికాలి మంట నెత్తికెక్కేది. చెయ్యి దానంతటదే లేచేది. దాన్ని సగంలో పట్టుకుని, జుట్టు సర్దుకున్నట్టు నటించేదాన్ని. అలా సర్దుకుని సర్దుకుని సాయంత్రానికి జడ మొత్తం ఊడిపోయేది. ఒకరోజు ఆపుకోలేక సుద్దముక్కల డబ్బా ఎత్తి గోడకేసి కొట్టాను. పిల్లలంతా తలలు వంచేశారు.

మూల నుంచి సారు అన్నారు: "గోడేం జేసిందమ్మా పాపం?"

పిల్లలు నవ్వారు. నేను ముక్కలన్నీ ఏరుకున్నాను. గోడ అంటే పిల్లల మీద కాదు కదా అని మనసులో వాదించుకున్నాను గానీ, సారు వైపు చూడటానికి భయమేసింది.

ఇదంతా మా అన్నకు తెలియదు. అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నేను ఎల్లారెడ్డిలో ట్రైనింగ్ అని మాత్రమే చెప్పాను. అన్న కామారెడ్డిలో ఆటో నడుపుతాడు. అంతకుముందు సౌదీ పోయొచ్చాడు. స్టేషన్ రోడ్డులో ఒక ఏజెంటు డ్రైవరు పని అని చెప్పి పంపించాడు. మొదట్లో జీతం ఉండదు, తిండీ వసతీ వాళ్లే చూసుకుంటారు, పాస్‌పోర్టు నా దగ్గర పెట్టు అన్నాడు. తీరా పోయి చూస్తే ఎడారిలో మేకల మంద. మంద కాయించేవాడు నీళ్ల పైపుతో కొట్టేవాడట. మా అన్న ముందు పళ్లు రెండు అక్కడే పోయాయి. తిరిగొచ్చిన రోజు ఇంటికి కూడా రాకుండా ఏజెంటు దుకాణానికి పోయాడు. వాడెప్పుడో షట్టరు దించి మాయమయ్యాడు. ఆ ఇనుప షట్టరును మా అన్న చేతులు పగిలేదాకా గుద్దాడు. జనం పట్టుకుని ఆపితే, ఆపినవాళ్లనూ కొట్టాడు.

నేను హైదరాబాద్ పోయి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకొచ్చిన మర్నాడు చెయ్యి వాచింది. బిందె ఎత్తలేకపోతుంటే అన్న చూశాడు.

"ఏమైందే చేతికి?"

ఇక దాచలేక చెప్పేశాను. టాంజానియా అన్నాను, ఏడాది అన్నాను.

"జీతమెంత?"

"ఉండదన్నా. తిండి, రూము ఇస్తరు."

"పాస్‌పోర్ట్ ఏది?"

"నాదగ్గర్నే ఉన్నది. కాపీ ఎల్లారెడ్డి సారు దగ్గరుంది."

ఇంకేమీ అడగలేదు. బిందె తనే ఎత్తి లోపల పెట్టి వెళ్లిపోయాడు. మా అన్న అరిస్తే పర్వాలేదు, ఊరుకుంటేనే భయపడాలి. ఆ సంగతి తెలిసి కూడా మర్నాడు నేను హాయిగా బస్సెక్కి పోయాను. నా అంత బుద్ధి తక్కువది ఇంకెవరుంటారు!

గుణకారాలు చెబుతుంటే షెడ్డు ముందు ఆటో ఆగింది. అన్న, వెంట ఒక దోస్తు దిగారు. సారు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పలకలు దిద్దుతున్నారు.

"మా చెల్లె పాస్‌పోర్ట్ కాపీ నీ దగ్గర్నే ఉన్నదా?" అన్నాడు అన్న.

"ఉన్నది బాబూ. కూసో."

"జీతం లేదని చెప్పింది నువ్వేనా?"

"అవును, జీతమైతే లేదు."

"తిండి, వసతి ఆల్లే జూస్కుంటరా?"

"ఆల్లే చూస్కుంటరు."

అడిగిన ప్రతి దానికీ సారు నిజమే చెప్పారు. ప్రతి నిజమూ మా అన్నకు స్టేషన్ రోడ్డు ఏజెంటు మాటలాగే వినపడింది. "ఎంతమంది ఆడివిల్లలను అమ్మినవురా నువ్వు?" అని లాగి చెంప మీద కొట్టాడు. కళ్లజోడు ఎగిరి పిల్లల మధ్య పడింది. సారు లేవబోయారు. కాలర్ పట్టి గుంజి, పొట్టలో గుద్ది నెట్టాడు. సారు వెనక్కి పడుతూ బెంచీ కొసకు తల కొట్టుకున్నారు. రక్తం నుదుటి మీంచి కంట్లోకి, తెల్ల చొక్కా మీదికి కారింది. కింద పడ్డ మనిషిని అన్న కాలితో తన్నాడు. పిల్లలు కెవ్వుమన్నారు. తీసివేత తప్పు చేసిన పిల్ల వచ్చి మా అన్న చెయ్యి కొరికింది. వదిలించుకోవడానికి విసిరితే అది పోయి పలకల మీద పడింది.

పిల్ల పడటం చూశాక నాకు ఒళ్లు తెలియలేదు. సారు కుర్చీ ఎత్తాను. మా అన్న తల నాకు ఎదురుగా ఉంది. అతను నన్ను చూడటం లేదు.

"దించు బిడ్డా" అన్నారు సారు, కిందనుంచి. మూలుగుతూనే గట్టిగా అన్నారు. "పిల్లలు సూస్తున్నరు. దించు."

నేను దించలేదు. అన్న దోస్తు వెనక నుంచి వచ్చి గుంజుకున్నాడు. గుంజుకోకపోతే ఏం జరిగేదో నాకు తెలుసు, సారుకూ తెలుసు.

గోల విని బస్టాండు ఆటోవాళ్లు వచ్చారు. వాళ్లలో చాలామంది సారు దగ్గర చదువుకున్నవాళ్లే. "మా సారును గొడ్తవార లంగా!" అని మా అన్నను రోడ్డు మీదికి ఈడ్చి తన్నారు. పెదవి చీలింది, చొక్కా పేలికలైంది. ఏజెంటు కాదన్నా, సారన్నా అని నేను అరిచింది అతనికి అప్పటికి చెవికెక్కింది. ఆ తర్వాత చెయ్యి అడ్డం కూడా పెట్టలేదు. పడుతున్నవన్నీ పడనిచ్చాడు.

సారుకు సర్కారు దవాఖానాలో కుట్లు వేశారు. పోలీసులు వస్తే ఫిర్యాదు లేదని సారే పంపించేశారు. ఇంటికి పోయాక సంగతి విని మా అమ్మ అన్నను పప్పుగుత్తితో కొట్టింది. అంత మనిషి గోడకు ఆనుకుని కూర్చుని కొట్టించుకున్నాడు. తర్వాత అమ్మ అన్నం పెట్టింది, అతను తిన్నాడు. మా ఇంటి లెక్క ప్రకారం అక్కడితో అయిపోవాలి.

కానీ సారు అన్నకు కబురు పంపారు. "నా సంగతి వదిలెయ్యి. పిల్లలు చూసిండ్రు. ఆల్ల ముందుకొచ్చి ఆల్లకే చెప్పాలె" అని. నాకు ఫోన్‌లో ఇంకొక మాట కూడా చెప్పారు: "వచ్చే సోమవారం నిన్ను పంపేటోల్లు నన్నడుగుతరమ్మా, నీ సంగతి. అందాక క్లాసుకైతే రా."

అన్న వచ్చాడు. షెడ్డులోకి రాగానే పిల్లలు గోడకు అంటుకుపోయారు. తలకు కట్టుతో సారు కుర్చీలో ఉన్నారు. అన్న నడి మధ్యలో నిలబడి రెండు చెవులు పట్టుకున్నాడు. "తప్పైంది" అన్నాడు. "మీ సారును ఎవలో అనుకున్న. తప్పైంది." ఇంకేం చెప్పాలో తెలియక సారు కాళ్ల మీద పడ్డాడు. సారు భుజం పట్టి లేపారు.

పిల్లలకు అది చాలలేదు. ఎవరో సన్నగా మొదలుపెట్టారు, "కొట్టుండ్రి సార్" అని. తర్వాత అందరూ అందుకున్నారు. "కొట్టుండ్రి! కొట్టుండ్రి!" సారు తల అడ్డంగా ఊపారు. అప్పుడు నా మీద పడ్డారు. "టీచర్, నువ్వు కొట్టు! మస్తు కొట్టు!" మేకుకున్న చింతబరిగె తీసి ఒకరి చేతి మీంచి ఒకరు అందించుకుంటూ నా దాకా తెచ్చారు. అబ్బ, ఎంత సంబరమో ఆ మొహాల్లో! వానాకాలమంతా నేను చెప్పిన ఏ పాఠానికీ అలా లేవలేదు వాళ్లు.

"కొట్టు చెల్లె" అన్నాడు అన్న. వీపు తిప్పి నిలబడ్డాడు. "ఎంత కొడ్తవో కొట్టు. ఖతం చేద్దాం."

కొట్టాలని ఉండింది. నా ప్రయాణాన్ని పాడు చేసినందుకు, సారు రక్తానికి, పిల్లను విసిరినందుకు, ఒక్క మాట అడగకుండా వచ్చినందుకు, చర్మం లేచేలా కొట్టాలని. కొడితే అతనికీ హాయి. సాయంత్రం ఇద్దరం ఇంటికి పోయి అన్నం తినేవాళ్లం. బరిగె బల్ల మీద పెట్టాను.

"కొట్టను."

"కొట్టవే."

"కొట్టనన్నా. కొట్టను."

అన్న నా వైపు తిరిగాడు. నేనెప్పుడూ చూడని కోపం ఆ కళ్లలో. "కొట్టవా? నువ్వు గొట్టకుంటే నేనే గొట్టుకుంట" అని తన చెంపలు తానే వాయించుకోవడం మొదలుపెట్టాడు. రెండు చేతులతో, బలమంతా పెట్టి. మానుతున్న పెదవి మళ్లీ చీలింది. రక్తం గడ్డం మీదికి వచ్చింది. అయినా ఆపలేదు. కేకలు వేసిన పిల్లలు నోళ్లు మూసుకున్నారు. కూనిరాగాలవాడు ఏడ్చేశాడు. నేను పోయి అన్న మణికట్లు రెండూ పట్టుకున్నాను. విదిలించాడు, మళ్లీ పట్టుకున్నాను. అతని మోచెయ్యి నా దవడకు తగిలింది. వదల్లేదు. ఇద్దరం కుస్తీ పట్టినట్టు ఊగి ఊగి చివరికి నేల మీద కూలబడ్డాం. అప్పటికి అతని చేతుల్లో బలం తగ్గింది.

సారు పిల్లలను పలకలు తీయమన్నారు.

బడి వదిలాక నన్ను ఆపారు. "ఆనాడు గా పిలగాడు కుర్చీ గుంజుకోకుంటే కొడ్తుంటివా?"

"కొడ్తుంటి సార్."

"మరి ఇయ్యాల?"

"ఇయ్యాల గూడ కొట్టాలనే ఉండె సార్. మస్తుండె."

నవ్వబోయి, కుట్లు లాగినట్టున్నాయి, తల పట్టుకున్నారు. "చెప్త తియ్యి, పంపుండ్రని" అన్నారు. అంతే. ఏ మంచి మాటలూ చెప్పలేదు. నేను బావి దగ్గర మొహం కడుక్కునే నెపంతో పోయి తనివితీరా ఏడ్చాను.

తిరిగి కామారెడ్డి బస్సులో అన్న పక్కనే కూర్చున్నాడు. పెదవి వాచి, చెంపలు కమిలిపోయి ఉన్నాయి. కండక్టరు అతన్ని చూసి ఏదో అడగబోయి మానుకున్నాడు. లింగంపేట దాటాక అన్న కిటికీ వైపు చూస్తూనే అడిగాడు. కోపంగా కాదు. నిజంగా తెలియకే అడిగాడు.

"కొట్టకుంటే మరెట్లనే?"

"ఏంది?"

"తప్పు చేసినోన్ని కొట్టకుంటే... అది యాడికి పోతది? ఎట్ల ఖతమైతది?"

ఆలోచించాను. సారు మాటలు, ఇంటర్వ్యూలో నేను చెప్పినవి, బీఎడ్‌లో చదివినవి, ఏవీ అతని మొహం చూస్తే నోటికి రాలేదు.

"తెల్వదన్నా" అన్నాను.

అతను నా వైపు తిరిగి చూశాడు.

"తెల్వకుండనే పోతున్నవా, గంత దూరం?"

"పోతున్న."